డ్రైవర్ సంగతి

కోరుట్లల, మా ముందటి అర్రల,
పగటియాల్ల రెండు కొట్టంగనే
ఐదుగురు ఆడోళ్లు, ఐదు చేటలు, ఒక వారపత్రిక.
నేను తొమ్మిదో తరగతి. చదివేదాన్ని నేనే.
కూలి, మనిషికి యాభై బీడీలు
నా చేటల పడేసేటోళ్లు.
రెండువందల యాభై బీడీలకు ఒక వారం సీరియల్.
రాసినామెకు పత్రికోళ్లు ఎంతిచ్చిండ్రో
నాకు తెల్వదు.

నానిన తునికాకు వాసన కథకు గూడ పట్టింది.
ఇప్పటికీ ఎవరన్న హీరోయిన్ మేడ మెట్లు దిగుతుంటే
నాకు తంబాకు ఘాటుకు తుమ్మొస్తది.

"దిగుడే గాని, ఏం పని జేస్తదే ఆ పిల్ల?"
అంబుబాయి పంటితోని దారం తెంపి అడిగేది.
"ఇరవై వారాలాయె. ఒక్క గిన్నె కడగలే.
కండ్ల గురించి రాసింది, జడ గురించి రాసింది,
చేతులెట్లుంటయో ఒక్కనాడన్న రాసిందా?"

శంకరవ్వ ఎప్పుడూ అత్త దిక్కే.
"ముసల్ది ఏమన్నది? పొద్దుగూకినంక
యాడికి వోయినవన్నది. అడుగొద్దా? నేనడగనా?"
పక్కన కూసున్న ఆమె కోడలు భూలక్ష్మి
తల లేపకుంట ఆకు కత్తిరించేది,
రేకు కొలత కంటె జర లోపలికి.

రుక్కుబాయికి ముగింపులంటేనే పడది.
"ఏ నవలైనా గంతే. ఆఖరికి వానొస్తది, వాడొస్తడు.
పదేండ్లు యాడున్నవని అడగది.
ఉత్తరమెందుకు రాయలేదని అడగది.
తడిసిండని తువ్వాలిస్తది."
ఆమె మొగడు భీవండిల సాంచెల మీద.
మేమెవ్వరం మాట్లాడకపోదుము.
ఆ పొద్దు మున్షి ఆమె కట్టలే ఎక్కువ తీసిపారేసిండు,
వదులు చుట్టినవని.

హసీనా ఆపాది ఒక్కటే ప్రశ్న.
డ్రైవర్ కరీం.
మొదటి వారం కారు తలుపు తీసిండు.
నాలుగో వారం గొడుగు పట్టిండు.
పదకొండో వారం చినబాబు రహస్యం
కడుపుల దాసుకున్నడు.
ఆ తర్వాత జాడలేడు.
"కారు నడుస్తనే ఉన్నది గద బిడ్డా,
మరి నడిపేదెవరు?"

ఒకసారి అందరు గూడి నాతోని ఉత్తరం రాయించిండ్రు.
నాలుగు పేజీలు.
అత్తను మంచిగ రాయమని శంకరవ్వ.
అస్సలే మార్చొద్దని భూలక్ష్మి, నా చెవిల.
రెండూ రాసిన.
జవాబు కార్డొచ్చింది.
మీ అభిమానానికి ధన్యవాదాలు.
కింద సంతకం.
అంబుబాయి వేలు తడిచేసి రుద్ది చూసింది.
సిరా అంటలే. సంతకం గూడ అచ్చుదే.

ఆఖరి సంచిక కోరుట్లకు రానే రాలే.
బస్సులు బందైన వారమది.
నెల రోజులు ఎవరి ముగింపు వాళ్లదే.
రుక్కుబాయి కథల వాన పడ్డది,
తలుపు మాత్రం ఆమె తీయలే.
భూలక్ష్మిని అడిగితే
"నాకాడ ఒకటున్నది" అన్నది. చెప్పలే.

మొన్న హనుమకొండ చౌరస్తాల
పాత పుస్తకాల కుప్పల దొరికింది ఆ నవల.
నలభై రూపాయలు.
కరీంనగర్ బస్సుల నిలవడే ఆఖరి పేజీలు చదివిన.
వానొచ్చింది. వాడొచ్చిండు. తువ్వాల.
కారు పోర్టికోల ఆగింది,
దానంతటదే.

ఆపాకు ఫోన్ జేసిన.
దగ్గు తెగేదాక ఆగి
"దొరికింది ఆపా" అన్న.
"వాళ్లిద్దరు కలుస్తరు, అది నాకెర్కే. డ్రైవర్?"
బస్సు హుజురాబాద్‌ల ఆగింది. పల్లికాయలోడు ఎక్కిండు.
"నౌకరి ఇడిసిపెట్టిండు ఆపా.
జగిత్యాల బస్టాండెనుక
మెకానిక్ షెడ్డు పెట్టుకున్నడు."
"అనుకున్న. అక్కడ గిరాకి మంచిగుంటది."
కొద్దిసేపు ఊపిరే వినబడ్డది.
"పెండ్లి?"
"అది రాయలే ఆపా."
"యాడ రాస్తది బిడ్డా,
వలీమాల ఏం వండుతరో
ఆమెకు తెల్వద్దా."